లయన్‌ఫిష్: తింటే తగ్గుతుంది, తుడిచిపెట్టుకుపోదు

నమస్కారం. కరీబియన్ సముద్రంలో లయన్‌ఫిష్ బెడద గురించి ఎక్కడ చర్చ వచ్చినా రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. అది విషపు చేప కాబట్టి తినకూడదన్నది ఒకటి. మనుషులు తినడం మొదలుపెడితే చాలు, నాలుగేళ్లలో దాని ఆనవాలు కూడా మిగలదన్నది రెండోది. రెండూ తప్పే. అయితే రెండో మాటే నన్ను ఎక్కువగా బాధిస్తోంది, ఎందుకంటే దాన్ని నమ్మినవారే, చేప ఇంకా కనిపిస్తోందని తెలిసిన రోజున ఈ ప్రయత్నమంతా దండగని చేతులు దులుపుకుంటున్నారు.

[తెరపై: ఫ్లోరిడా, బహామాస్, కరీబియన్ దీవుల పటం]

ఈ చేప పుట్టిల్లు మన హిందూ మహాసముద్రం, దానికి అటువైపున్న పసిఫిక్. బంగాళాఖాతంలోనూ ఉంది, అండమాన్ పగడపు దిబ్బల్లోనూ ఉంది. ఇక్కడ దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. అట్లాంటిక్‌లో మాత్రం అది 1985లో ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర మొదటిసారి కనిపించింది. అక్వేరియంలో అందం కోసం పెంచుకున్నవారు వద్దనుకుని సముద్రంలో వదిలేయడం వల్లే అది అక్కడికి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1992 నాటి ఆండ్రూ తుపానుకు ఒక అక్వేరియం పగిలి ఇదంతా మొదలైందనే కథ ఇప్పటికీ చెబుతుంటారు గానీ, తుపానుకు ఏడేళ్ల ముందే చేప కనిపించిందంటే ఆ కథ ఎలా నిలుస్తుంది? 2004 నాటికి బహామాస్‌కు, 2010 నాటికి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు, 2014 నాటికి బ్రెజిల్‌కు అది చేరుకుంది.

[తెరపై: దిబ్బ అంచున రెక్కలు విప్పిన లయన్‌ఫిష్, నెమ్మదిగా]

ఈ దృశ్యాన్ని కాస్త నిదానంగా చూడండి. అది ఎక్కడా పరుగెత్తదు. ఛాతీ పక్కనున్న రెండు పెద్ద రెక్కలను విసనకర్రల్లా విప్పి, చిన్న చేపను రాతి మూలకు నెమ్మదిగా నెడుతుంది. దగ్గరకు వచ్చాక నోటితో సన్నని నీటి ధారను దాని మీదికి ఊదుతుంది. ప్రవాహం ఎటునుంచి వస్తోందో చూసుకోవడానికి చిన్న చేప తల ఇటు తిప్పగానే, తలవైపు నుంచి ఒక్క గుక్కలో మింగేస్తుంది. అట్లాంటిక్‌లోని చిన్న చేపలకు ఇలాంటి శత్రువు పరిచయం లేదు, అందుకే చాలావరకు పారిపోవు. బహామాస్‌లోని చిన్న దిబ్బల మీద జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి: లయన్‌ఫిష్ ఉన్న దిబ్బల్లో కొత్తగా చేరే పిల్ల చేపలు ఐదు వారాల్లోనే సగటున 79 శాతం తగ్గిపోయాయి. ఈ అంకె చదివిన తరువాత ఇది కొద్దిమంది డైవర్ల సరదా వ్యవహారమని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇక విషం సంగతి. వీపు మీద 13, పొట్ట కింద 2, తోక దగ్గర 3, మొత్తం 18 ముళ్లలో విషం ఉంటుంది, కండలో ఉండదు. ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించడం కష్టమే. కానీ ఆ విషం ప్రోటీన్ కాబట్టి వేడికి చెడిపోతుంది, గుచ్చుకున్న చోటును ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచమని చెప్పేది అందుకే. చేపను శుభ్రం చేసేవారు మందపాటి చేతి తొడుగులు వేసుకుని, గట్టి కత్తెరతో ముళ్లను మొదలంటా కత్తిరించి, ఆ తరువాత మామూలు చేపలాగే పొట్ట చీల్చి, రెండు వైపులా కండ తీస్తారు. ఆ కండ తెల్లగా, మెత్తగా, నీచు వాసన లేకుండా ఉంటుంది. ఫ్లోరిడాలోని తెలుగువారికి ఒక మాట చెబుతాను: ఇంత సున్నితమైన చేపను చింతపండు పులుసులో వేస్తే దాని రుచి కనబడదు, మిరియాలు, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించుకోవడమే దానికి తగిన మర్యాద.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి చేలో కలుపు తీసే పనిని గుర్తుచేసుకుంటే చాలు. కలుపు తీసేవారెవరూ గడ్డి జాతిని భూమి మీద లేకుండా చేస్తామని దిగరు. పైరు ఎదగడానికి చాలినంత ఖాళీ చేస్తారు, మళ్లీ మొలిస్తే మళ్లీ తీస్తారు. లయన్‌ఫిష్ విషయంలోనూ లెక్క అంతే. బహామాస్‌లోని 24 దిబ్బల మీద జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటనే అంకెలతో చూపింది. ఒక్కో దిబ్బ ఎంత తాకిడిని తట్టుకోగలదో ముందుగా లెక్కగట్టి, లయన్‌ఫిష్‌ను ఆ హద్దుకు దిగువన ఉంచిన చోట, ఏడాదిన్నరలో స్థానిక చేపల మొత్తం బరువు 50 నుంచి 70 శాతం పెరిగింది. ఏమీ తీయకుండా వదిలేసిన చోట తగ్గుతూనే పోయింది. గమనించండి, ఆ దిబ్బల్లో చివరి లయన్‌ఫిష్ వరకు ఎవరూ వేటాడలేదు.

మరి కలుపుకూ వంటింటికీ సంబంధం ఏమిటంటారా? గంగవాయిలి కూర పైరులో కలుపే, తీసినవారి ఒడిలో పడితే అది కూర. కూలి ఖర్చులో కొంత అలా వంటింట్లో తీరుతుంది. లయన్‌ఫిష్‌ను తినడం వల్ల ఒనగూరే మేలు కూడా ఇదే: తినడమే దాన్ని తగ్గించదు, తగ్గించే కూలికి డబ్బు సమకూరుస్తుంది. ఆ కూలి తక్కువేమీ కాదు. ఈ చేప గేలానికి అరుదుగా తగులుతుంది, దిబ్బల మీద వల వేస్తే దిబ్బే పాడవుతుంది. డైవర్ స్వయంగా దిగి, ఒక్కొక్క చేపనూ బల్లెంతో పొడిచి, ముళ్లు తగలకుండా గొట్టంలాంటి డబ్బాలోకి దూర్చి పైకి తేవాలి. ముళ్లు, తల పోగా మిగిలే కండ మొత్తం బరువులో మూడో వంతు మాత్రమే. అందుకే దాని ధర ఎక్కువ. 2009లో బహామాస్‌లో మొదలైన వేట పోటీలు, 2016లో ఫ్లోరిడాలోని హోల్ ఫుడ్స్ దుకాణాలు ఈ చేపను అమ్మకానికి పెట్టడం, బల్లెంతో వేటాడేవారికి ఫ్లోరిడా ప్రభుత్వం లైసెన్సు అక్కరలేదని, ఎన్నైనా పట్టుకోవచ్చని చెప్పడం, ఇవన్నీ ఆ కూలి గిట్టుబాటు కావడానికి వేసిన అడుగులే.

[తెరపై: లోతును చూపే గీత, 40 మీటర్ల దగ్గర ఎర్ర గుర్తు]

చేలో ఎంత శుభ్రంగా తీసినా గట్టు మీది కలుపు విత్తనం మళ్లీ చేలోకే రాలుతుంది. సరదా కోసం దిగే డైవర్లు సాధారణంగా 40 మీటర్లు దాటి వెళ్లరు, లయన్‌ఫిష్ మాత్రం 300 మీటర్ల లోతులో కూడా కనిపించింది. ఒక్క ఆడ చేప ఏడాదిలో 20 లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. వాటి నుంచి వచ్చే పిల్లలు సుమారు నెల రోజుల పాటు ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడో మరో దిబ్బ మీద దిగుతాయి. చేపల సంఖ్య మొత్తంగా తగ్గాలంటే ప్రతి నెలా పెద్ద చేపల్లో దాదాపు 27 శాతాన్ని తీసేస్తుండాలని 2011లో ఒక గణిత నమూనా అంచనా వేసింది. నాలుగు హోటళ్లలో మెనూ మార్చితే అయ్యే పని కాదు ఇది. తింటే అంతరించిపోతుందనే మాట నాకు బొత్తిగా నచ్చకపోవడానికి కారణం ఇదే.

మరో చిక్కు ఉంది. కలుపుకు మంచి ధర పలికితే, రేపటి కోసం గట్టు మీద కొంత వదిలేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. గిరాకీ మీదే ఆధారపడిన నియంత్రణకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల సముద్ర రక్షిత ప్రాంతాల్లో, పిల్ల చేపలు పెరిగే చోట్ల, అమ్మకంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో క్రమం తప్పకుండా తీయించాలన్నది నా గట్టి అభిప్రాయం.

సమయం ముగుస్తోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. వర్జిన్ దీవుల వంటి కొన్ని చోట్ల దిబ్బల్లోని పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే జబ్బును తెచ్చే విషపదార్థం చేరుతుంది. ఇది ముళ్ల విషం వంటిది కాదు, వండినా పోదు, కాబట్టి చేపను ఎక్కడ పట్టారో అడిగి కొనండి. మధ్యధరా సముద్రంలోకి ఇదే కుటుంబానికి చెందిన మరో జాతి సూయజ్ కాలువ గుండా వచ్చింది, సైప్రస్‌లో ఇప్పటికే డైవర్లతో దాన్ని తీయిస్తున్నారు. బతికున్న లయన్‌ఫిష్ దిగుమతిని ఫ్లోరిడా 2014లో నిషేధించింది. అది ముప్పై ఏళ్ల ముందే జరిగి ఉండవలసింది.

చివరగా, లోతు సంగతి. అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవాలో పనిచేసిన స్టీవ్ గిటింగ్స్ రూపొందించిన బోను ఎర లేకుండానే పనిచేస్తుంది. అడుగున తెరిచి పరిచిన వల మధ్య ఒక జాలీ పలక నిలబెడతారు. నీడ కోసం లయన్‌ఫిష్‌లు దాని చుట్టూ చేరతాయి, పైకి లాగేటప్పుడు మాత్రమే వల మూసుకుంటుంది. అడుగున ఉన్నంతసేపూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇతర చేపలు చిక్కుకుని చనిపోయే అవకాశం తక్కువ. డైవర్లు చేరలేని లోతులో గుడ్లు పెడుతున్న చేపలను అందుకోవడానికి ఇంతవరకు నాకు కనిపించిన దారుల్లో ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఇదే.