ఒకే జ్వరం, ఒక్కొక్కరికి ఒక్కో తీరు

శ్రోతలకు నమస్కారం.

వానలు పడి దోమలు ముసిరే కాలంలో కడప, కర్నూలు, అనంతపురం వీధుల్లో ఒక మాట తరచూ వినబడుతుంటుంది. "పక్కింటాయనకూ డెంగీనే వచ్చింది కదా. నాలుగు మాత్రలేసుకుని వారానికంతా లేచి తిరిగినాడు. నువ్వెందుకట్లా భయపడతావు?" అనేవాళ్లు ధైర్యం చెప్పాలనే అంటారు. ఆ మాట పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయి, చేతులూ కాళ్లూ చల్లబడ్డాక ఆటోలో ఆసుపత్రికి చేరేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అందుకే ఒకే జబ్బు ఒకరిని తాకి వదిలేసి ఇంకొకరిని ఎందుకు మంచాన పడేస్తుందో ఈ రోజు వివరంగా చెప్పుకుందాం.

డెంగీతోనే మొదలుపెడదాం. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే, ఆ రకం మళ్లీ రాకుండా ఒంట్లో జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగిలిన మూడింటి నుంచి మాత్రం ఆ రక్షణ కొన్ని నెలలే. చిక్కంతా ఆ తర్వాతే. ఏళ్ల తర్వాత వేరే రకం ఒంట్లోకి వస్తే, పాత రక్షణ కణికలు, అంటే యాంటీబాడీలు, దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా ఆ యాంటీబాడీలనే ఆసరా చేసుకుని వైరస్ తెల్లరక్త కణాల్లోకి సులువుగా దూరిపోతుంది. అందుకే డెంగీ రెండోసారి వచ్చినవాళ్లలో ప్రమాదం ఎక్కువ. ఏడాది నిండని పసిబిడ్డలకు మొదటిసారే ముదరడానికీ కారణం ఇలాంటిదే, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు వాళ్ల ఒంట్లో ఉంటాయి. గర్భిణులు, ముసలివాళ్లు, షుగరున్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కాబట్టి "ఇంతకు ముందెప్పుడైనా డెంగీ వచ్చిందా?" అని డాక్టరు అడిగితే గుర్తు చేసుకుని చెప్పండి.

ఇక అందరూ పొరబడేచోటు. జ్వరం తగ్గిన రోజే డెంగీలో గండం మొదలయ్యే రోజు. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. సరిగ్గా అప్పుడే కొందరిలో సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు బయటికి, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూకీ కారిపోతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. నీరు పోయిన రక్తం చిక్కబడుతుంది. రక్తపరీక్ష కాగితంలో పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉంటుంది, నూరు పాళ్ల రక్తంలో ఎర్రకణాలెన్ని పాళ్లో చెప్పే అంకె అది, దాన్ని చూడండి. మొదట 40 ఉన్నది 48 అయితే అయిదో వంతు పెరిగినట్టు, రక్తంలోని నీరు కారుతున్నట్టు. మనవాళ్లు ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి గుండెలు బాదుకుంటారు. అంకె పడిపోయినా రక్తస్రావం లేకుండా కోలుకునేవాళ్లు ఎక్కువ. ఎక్కువ ప్రాణాలు తీసేది ఈ నీరు కారడమే.

ఇంట్లో కనిపెట్టాల్సిన గుర్తులు ఇవి: వదలని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మనిషి మగతగా పడుండటం లేదా ఊరికే చిరాకు పడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. ఇంకో చిన్న పరీక్ష ఉంది. రోగి చేతి వేలిగోరును అయిదు సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. అంతకంటే ఆలస్యమైతే, అందులోనూ చేతులు చల్లగా ఉంటే, తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర, మాత్రకూ మాత్రకూ ఆరు గంటలు ఎడం ఇచ్చి, రోజుకు నాలుగు మించకుండా. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సిరప్ దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందుంటే, అచ్చం అట్లాగే ఉండే ఇంకో సీసాలో 250 ఉంటుంది. పది కిలోల బిడ్డకు మొదటిది 5 మిల్లీలీటర్లు, రెండోది రెండున్నరే. సీసా మీది అంకె చదివాకే మూత తీయండి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, ఐబుప్రొఫెన్ మింగడం వద్దు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. "రెండు సెలైన్లు ఎక్కించండి, బలమొస్తుంది" అని పట్టుబట్టడమూ ప్రమాదమే. కారిపోయిన నీరు కోలుకునేటప్పుడు మళ్లీ రక్తంలోకి వస్తుంది. అవసరం లేకుండా ఎక్కించిన సెలైన్ దానికి తోడైతే ఊపిరితిత్తులు నిండి ఆయాసం వస్తుంది. వాంతులు లేకపోతే నోటితో తాగే మజ్జిగ, గంజి, లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ కలిపిన ఓఆర్ఎస్ చాలు.

ఇంట్లో ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవాళ్లుంటే దోమల విషయంలో ఆ ఇల్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మన దిక్కు కొళాయి నీళ్లు రోజూ రావు, తొట్లలో, డ్రమ్ముల్లో పట్టి దాచుకోక తప్పదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీటిమట్టానికి కాస్త పైన, తొట్టి గోడ తడి మీద. తొట్టి ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికుంటాయి, నీళ్లు తగిలితే పగులుతాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు. వారానికొకసారి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఆరబెట్టి, పట్టిన నీళ్ల మీద గుడ్డ కట్టండి. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది, వారం గడువు అందుకే.

అదే దోమ తెచ్చే చికున్‌గున్యా సంగతి 2006 నాటివాళ్లకు బాగా తెలుసు. కొందరు నెలలోపే పనికి పోయారు, కొందరికి కీళ్లనొప్పులు ఏళ్లపాటు వదల్లేదు. వయసు మళ్లినవాళ్లకూ, ముందునుంచే కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఆ నొప్పులు ఎక్కువకాలం నిలుస్తాయి.

క్షయ తీరు ఇంకొకటి. దాని క్రిమి ఒంట్లో చేరిన నూరుమందిలో జీవితకాలంలో జబ్బు పడేది అయిదు నుంచి పదిమందే. మిగిలినవాళ్లలో అది నిద్రపోతుంది. దాన్ని నిద్రలేపేవాటిలో షుగరొకటి, ఆ ముప్పును రెండు మూడింతలు చేస్తుంది. చాలీచాలని తిండి మరొకటి. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇంటివాళ్లకు పోషకాహారం ఇచ్చి చూస్తే, వాళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. ఇది చాలా పెద్ద మాట. రోగికి గుడ్డూ పప్పూ పెట్టి పిల్లలకు కారమన్నంతో సరిపెట్టే ఇళ్లలో, ఆ పిల్లల పళ్లెం కూడా వైద్యంలో భాగమే. రెండు వారాలు దాటిన దగ్గుంటే కళ్లె పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితం.

క్రిమితో పనిలేని జబ్బుల్లోనూ ఈ తేడా ఉంది. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ బోర్ల నీళ్లు తాగే ఊళ్లున్నాయి. ఒకే బోరు నీళ్లే, ఒకరికి పళ్ల మీద గార మరకలు, ఒకరికి నడుం వంగి కీళ్లు బిగుసుకుపోవడం. ఎండలో కూలికి పోయే మనిషి నీళ్లెక్కువ తాగుతాడు, ఫ్లోరైడూ అంతే ఎక్కువ చేరుతుంది. కిడ్నీలు మందగించినవాళ్ల ఒంట్లో అది నిలిచిపోతుంది. కాల్షియం చాలని పిల్లల ఎముకలను తొందరగా పట్టుకుంటుంది. పళ్ల మీద మరకలు మాత్రం, పళ్లు తయారయ్యే చిన్న వయసులో ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తాయి. రాగి సంగటి, పాలు, పెరుగు కొంత కాపాడతాయి. నీళ్లు కాచితే మాత్రం ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయిన మేరకు ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిందా లేదా అని పరీక్ష చేయించడమే దారి.

జ్వరంతో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకెళ్లండి. జ్వరం మొదలైన తేదీ, పూట. ఎప్పుడు దిగింది. ఉన్న జబ్బులు, రోజూ వాడే మాత్రలు, గర్భమైతే ఎన్నో నెల. చివరిసారి మూత్రం ఎన్ని గంటలకు పోశారు. అవుట్ పేషెంట్ వరుసలో ఎంతమంది ఉన్నా, ఆ కాగితం చేతికందితే మీ మనిషిని ముందు చూడాలా అన్నది డాక్టరుకు అరనిమిషంలో తెలుస్తుంది.