నల్గొండ, భువనగిరి గుట్టలకు ఏ స్టెయిన్‌లెస్ బోల్ట్ కొనాలి? 304, 316, 10 ఎంఎం, 12 ఎంఎం రివ్యూ

నమస్కారం. భువనగిరి, దేవరకొండ, నల్గొండ చుట్టుపక్కల గుట్టల మీద క్లైంబింగ్ రూట్లు వేయాలనుకునేవారి కోసం ఈ వీడియో. బల్ల మీద మూడు బోల్టులు పెట్టాను. మొదటిది జింక్ పూత పూసిన మామూలు ఉక్కు బోల్ట్, రెండవది 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్, మూడవది 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్. మూడూ వెడ్జ్ రకానివే, అంటే హార్డ్‌వేర్ దుకాణాల్లో యాంకర్ ఫాస్టనర్ పేరుతో దొరికే రకం. నా అభిప్రాయం ముందే చెబుతాను: మన దగ్గర 304కూ 316కూ మధ్య తేడా కన్నా, కొన్నది నిజంగా ఆ గ్రేడేనా, దానికి బిగించే హ్యాంగర్ (తాడు కోసం కొక్కెం తగిలించే రంధ్రమున్న రేకు) కూడా అదే లోహమా, దాన్ని దిగగొట్టే బండ గట్టిదా అన్న మూడు ప్రశ్నలే ముఖ్యం.

ముందు బోల్టును దగ్గరగా చూడండి. కింది కొస కోన్ ఆకారంలో లావుగా ఉంటుంది, దాని పైన సన్నటి రేకు రింగు ఉంటుంది. రంధ్రంలోకి కొట్టి నట్ బిగిస్తే బోల్ట్ కొద్దిగా పైకి లాగబడుతుంది, అప్పుడు కోన్ ఆ రింగును విప్పార్చి రాతి గోడకు అదుముతుంది. రాయి మెత్తనిదైతే ఆ ఒత్తిడికి రంధ్రం గోడే నలిగిపోతుంది, అందుకే ఇసుకరాయి వంటి చోట్ల జిగురుతో అమర్చే బోల్టులు వాడతారు. మన గ్రానైటుకు ఆ అవసరం లేదు, గట్టి బండలో వెడ్జ్ బోల్ట్ చక్కగా పట్టుకుంటుంది.

ఇక బలం సంగతి. క్లైంబింగ్ హ్యాంగర్ మీద తయారీదారు పేరు, ఈఎన్ 959 అనే యూరోపియన్ ప్రమాణం, 25 కిలోన్యూటన్లు అన్న అంకె చెక్కి ఉండాలి. 25 కిలోన్యూటన్లంటే సుమారు 2,500 కిలోల బరువు వేలాడదీసినంత బలం. ఒక మనిషి పడితే ఇంత ఎందుకని మీకు అనిపించవచ్చు. తాళ్లకున్న ప్రమాణం ప్రకారం పరీక్షలో సింగిల్ రోప్, అంటే ఒంటరిగా వాడే క్లైంబింగ్ తాడు, పడే మనిషి మీదికి 12 కిలోన్యూటన్లకు మించి బలం రానివ్వకూడదు, అయితే పైనున్న బోల్ట్ దగ్గర తాడు రెండు వైపులా కిందికి లాగుతుంది, తాడు వెళ్లే కొక్కెం, అంటే కారబైనర్, దగ్గరి రాపిడి పోగా రెండో వైపు మరో 8 దాకా కలుస్తుంది. అంటే ఘోరమైన సందర్భంలో బోల్ట్ మీద దాదాపు 20 కిలోన్యూటన్లు పడవచ్చు. మామూలు పడిపోవడంలో ఇందులో సగం కూడా రాదు, కానీ బోల్టును మామూలు రోజు కోసం కొనము కదా.

జింక్ పూత బోల్టును నేను సిఫారసు చేయను. ఒక వానాకాలం గడిచాక పైకి బాగానే కనిపించినా, రంధ్రం లోపల తేమ నిలిచి ఎవరి కంటికీ ఆనకుండా తుప్పు పడుతుంది. అంతకన్నా పెద్ద తప్పు, ఖర్చు తగ్గుతుందని జింక్ బోల్టుకు స్టెయిన్‌లెస్ హ్యాంగర్ బిగించడం. రెండు వేర్వేరు లోహాల మధ్య నీరు చేరితే వాటిలో తుప్పుకు తేలిగ్గా లొంగే లోహం, అంటే ఇక్కడ బోల్ట్, వేగంగా తినేయబడుతుంది. బోల్ట్, నట్, వాషర్, హ్యాంగర్ నాలుగూ ఒకే గ్రేడువి కొనండి.

304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, అది ఉప్పు ప్రభావాన్ని తట్టుకోవడానికి. విశాఖ తీరంలో రూటు వేసేవారికి ఇది పెద్ద ప్రశ్నే. వేడి, ఉప్పు కలిసిన కొన్ని సముద్రతీరాల్లో 316 కూడా పగుళ్లిచ్చిన అనుభవం ఉన్నందున అక్కడ టైటానియం వాడుతున్నారు. మన గుట్టలకు సముద్రం చాలా దూరం కనుక, నికార్సైన 304 సరిపోతుంది, ధరలో తేడా భరించగలిగితే 316 తీసుకోండి.

నికార్సైన అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, బజారులో 202 వంటి చౌక గ్రేడులు కూడా స్టెయిన్‌లెస్ పేరుతోనే తిరుగుతున్నాయి. వాటిలో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, తుప్పును అంతగా ఆపవు. దుకాణదారు అయస్కాంతం పెట్టి, అతుక్కోలేదు కాబట్టి అసలుదేనని చెబితే నమ్మవద్దు, 202 కూడా అయస్కాంతానికి అతుక్కోదు. పైగా వంచి, సాగదీసి తయారుచేసిన అసలైన 304 ముక్క కొద్దిగా అతుక్కోవచ్చు. బోల్ట్ మీద ఏ2 అంటే 304 కుటుంబం, ఏ4 అంటే 316 కుటుంబం. ఆ గుర్తు, తయారీదారు ముద్ర, బిల్లుతోపాటు గ్రేడ్ సర్టిఫికెట్, ఈ మూడూ అడగండి.

గట్టి గ్రానైటులో 10 ఎంఎం మంచి బోల్ట్ చాలు. రూటు చివర తాడును కట్టే యాంకర్లకు, శిక్షణకు వాడే రూట్లకు మాత్రం నేను 12 ఎంఎం వైపే మొగ్గుతాను. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్న భువనగిరి వంటి చోట ఒకే బోల్టును ఎందరో కొత్తవారు లాగుతుంటారు. అయితే ఆ బండ మీద ఉన్నది చారిత్రక కోట, కనుక అనుమతి లేకుండా అక్కడ డ్రిల్ పెట్టకండి.

బండను ఎంచుకోవడంలో తొందర పడకండి. మన గుట్టలు ఎండకు, చలికి ఉల్లిపొరల్లా పొరలు విడుస్తాయి. బోల్ట్ ఎంత ఖరీదైనదైనా విడిపోయిన పొరలో బిగిస్తే పొరతో పాటే ఊడివస్తుంది. సుత్తితో చుట్టూ కొట్టి చూడండి: ఖంగుమంటే గట్టి బండ, డొల్లగా మోగితే అక్కడ వద్దు. అంచుకు, పగులుకు, పక్క బోల్టుకు కనీసం జానెడు దూరం ఉంచండి. వానాకాలంలో నీరు జారి నల్లటి చారలు కట్టిన చోటును తప్పించండి.

డ్రిల్ బిట్ అరిగితే రంధ్రం సన్నబడి బోల్ట్ సగంలోనే ఇరుక్కుంటుంది, గ్రానైటు బిట్‌ను త్వరగా అరగదీస్తుంది, కనుక కొత్త బిట్లు వెంట ఉంచుకోండి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు ప్రమాదం, మాస్క్ తప్పనిసరి. రంధ్రాన్ని నైలాన్ బ్రష్‌తో తోమి, ఊది, మళ్లీ తోమాలి, దుమ్ము మిగిలితే రింగు జారుతుంది. మామూలు ఇనుప బ్రష్ వాడితే దాని రజను అంటుకుని స్టెయిన్‌లెస్ మీద కూడా తుప్పు మరకలు వస్తాయి. నట్‌ను ఇంపాక్ట్ మెషిన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పినంతే బిగించండి. స్టెయిన్‌లెస్ నట్ వేగంగా తిప్పితే మరలు ఒకదానికొకటి కరుచుకుని మళ్లీ కదలవు.

ప్రతి వానాకాలం తర్వాత ఒకసారి అన్నీ తనిఖీ చేయండి. హ్యాంగర్ మాత్రమే తిరుగుతుంటే నట్ మళ్లీ బిగిస్తే సరిపోతుంది. బిగిస్తున్నప్పుడు బోల్టే రంధ్రంలో తిరిగితే లోపల పట్టు లేదని అర్థం, దాన్ని వాడటం ఆపి, జానెడు దూరంలో గట్టి బండ చూసి కొత్త రంధ్రం వేయండి.