టవర్ ఎక్కితే ముద్ర వేసుకుని రండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఊళ్లు తిరిగి వచ్చేవాళ్లు ఇంటికి ఏం తెస్తారు? కీ చెయిన్లు, ఫ్రిజ్‌కి అంటుకునే బొమ్మలు, ఫోను నిండా ఫొటోలు. ఈ పూట నేను చెప్పబోయేది పైసా ఖర్చు లేని జ్ఞాపకం గురించి. ముద్ర. రబ్బరు ముద్ర. కవరు మీద అంటించే తపాలా బిళ్ల కాదండీ. చూడవలసిన చోట ఒక బల్ల వేసి, దాని మీద ఆ చోటు బొమ్మా పేరూ చెక్కిన రబ్బరు ముద్ర, పక్కన ఇంకు ప్యాడ్ పెడతారు. మన పుస్తకంలో మనమే వేసుకోవాలి.

జపాన్‌లో ఇది పెద్ద అలవాటు. 1931లో ఫుకుయి రైల్వే స్టేషన్‌లో ఇలాంటి ముద్ర పెట్టారు. చూస్తుండగానే మిగతా స్టేషన్లు అందుకున్నాయి. ఇప్పుడు కోటల్లో, మ్యూజియంలలో, టవర్లలో కూడా ఆ బల్ల కనిపిస్తుంది.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒసాకా నగరంలోని త్సుతెన్‌కాకు టవర్. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాం. మొదటి టవర్ని 1912లో కట్టారు. పారిస్‌లోని ఈఫిల్ టవర్ని చూసి కట్టిన ఇనుప కట్టడం అది. 1943లో దాని కింద ఉన్న సినిమా హాలుకి నిప్పంటుకుంది. టవర్ దెబ్బతింది. అది యుద్ధకాలం. మిగిలిన టవర్ని విప్పేసి, ఆ ఇనుమును యుద్ధ అవసరాలకి ఇచ్చేశారు.

ఈ సంగతి చెప్పగానే పిల్ల అడిగింది, "మరి దీన్ని మళ్లీ ఎవరు కట్టారు తాతయ్యా?" అని.

"ఈ వీధుల్లో ఉండేవాళ్లూ, కొట్లు పెట్టుకున్నవాళ్లే అమ్మా" అన్నాను.

నిజంగానే ఆ పేటవాళ్లు పూనుకున్నారు. డబ్బు పోగుచేశారు. 1956లో టవర్ మళ్లీ లేచింది. ఇప్పుడు దాని ఎత్తు 108 మీటర్లు. దీన్ని డిజైన్ చేసిన నైతో తాచూ అనే ఇంజనీరే 1958లో తెరిచిన టోక్యో టవర్‌కీ రూపం ఇచ్చాడు. పైన బిల్లికెన్ అనే బొమ్మ కూర్చుని ఉంటుంది. దాని అరికాళ్లు రుద్దితే అదృష్టం కలుగుతుందని నమ్మకం. ఎంతమంది రుద్దారో, పాదాలు అరిగిపోయాయి. ఇంకో విశేషం, రాత్రిపూట టవర్ కొన మీద వెలిగే దీపాల రంగే మర్నాటి వాతావరణం చెబుతుంది. తెలుపైతే ఎండ, నారింజ రంగైతే మబ్బు, నీలమైతే వాన. తుపాను వస్తోందంటే మన పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారే, అలాగన్నమాట.

ఇంత కథ తెలిశాక వేసుకున్న ముద్ర వేరుగా ఉంటుంది. అందుకే నా మాట, ముందు కథ తెలుసుకోండి, తరవాత ముద్ర వెయ్యండి.

ఇక ముద్ర ఎలా వెయ్యాలి? గీతలు లేని, కాస్త మందపాటి కాగితం ఉన్న చిన్న నోటు పుస్తకం కొనుక్కోండి. నున్నగా మెరిసే కాగితం వద్దు, ఇంకు ఆరదు. ముందు ఒక చిత్తు కాగితం మీద వేసి చూడండి. ఇంకు ఎక్కువైందా, తక్కువైందా, బొమ్మ తలకిందులైందా, తెలిసిపోతుంది. పుస్తకం కింద గట్టిగా, చదునుగా ఉండాలి. ముద్రని నిటారుగా దించండి. నాలుగు మూలలా సమంగా నొక్కండి. అటూ ఇటూ ఊపకండి. తిన్నగా పైకి తీయండి. వెంటనే పుస్తకం మూసేయకండి, ఆరనివ్వండి. తొందరుంటే మధ్యలో ఒక అద్దుడు కాగితం పెట్టండి. చాలా ముద్రల్లో తేదీ ఉండదు. కింద మీ చేత్తో తేదీ రాయండి, వెంట ఎవరున్నారో కూడా రాయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పాస్‌పోర్టులో వేయకండి. ఎంత ముద్దొచ్చినా పాస్‌పోర్టులో వేయకండి. అది భారత ప్రభుత్వ ఆస్తి. అందులో సరదా ముద్ర కనిపిస్తే, ఇమిగ్రేషన్ దగ్గర అనవసరమైన టెన్షన్. పిల్లలకి ముందే చెప్పండి.

మన విశాఖలోనూ ఇలాంటి బల్లలు ఉండాలని నాకు ఎంతో కోరిక. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కి ఒకటి, తొట్లకొండకి ఒకటి. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. లోపలికి దిగి చూసి బయటికొచ్చే పిల్లల కళ్లు చూడండి, అప్పుడు చేతిలో ఒక ముద్ర ఉండాలా వద్దా? రబ్బరు ముద్ర చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఊరు చూపించడానికి చుట్టాలను తిప్పుతున్నప్పుడు ఒక పోస్టుకార్డు కొనండి. ఏం చూశారో నాలుగు వాక్యాలు పిల్లల చేత రాయించండి. వాళ్ల ఇంటి అడ్రసు రాసి పోస్టాఫీసు కిటికీ దగ్గర ఇచ్చి, "ముద్ర కాస్త స్పష్టంగా వెయ్యండి సార్" అని అడగండి. ఊరి పేరు, తేదీ రెండూ ఆ ముద్రలోనే ఉంటాయి. చుట్టాలు ఊరు చేరాక, కార్డు వెనకాలే వాళ్ల ఇంటికి వెళుతుంది.

సెలవు.