లేచిన తొలి నిమిషం

అందరికీ నమస్కారం.

2004 ఏప్రిల్ 17 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావాల్సిన నటి సౌందర్య ఆ రోజు బెంగళూరులోని జక్కూరు ఏరోడ్రోమ్‌లో సెస్నా 180 అనే చిన్న విమానం ఎక్కారు. వెంట సోదరుడు అమర్‌నాథ్, మరో కార్యకర్త, పైలట్. విమానం నూరడుగుల ఎత్తుకి చేరిందో లేదో ఒక పక్కకి తిరిగి, దగ్గర్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో కూలి కాలిపోయింది. నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

ఆ పైలట్ మీద వేలు చూపడానికి నేను రాలేదు. అంత తక్కువ ఎత్తులో ఇంజన్ మొరాయిస్తే ఏ పైలట్‌కైనా ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకే ఆ ఆలోచనంతా నేల మీదే అయిపోవాలి. నేను చెప్పదలిచింది ఇదే.

నూరడుగులంటే పదంతస్తుల మేడ. విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు ఇంజన్ ఆగితే రెండు మూడు క్షణాల్లోనే వేగం పడిపోతుంది. అప్పుడు చేయాల్సిన మొదటి పని ముక్కు కిందికి దించడం. నేల మీదికొస్తుంటే ముక్కు దించడానికి ఏ చెయ్యీ ఒప్పుకోదు, పైకే లాగుతుంది. రెండో ఆశ, వెనక్కి తిరిగి రన్‌వే అందుకుందామని. సగం చుట్టు తిరిగితే చాలనిపిస్తుంది గానీ, అప్పటికి రన్‌వే పక్కకి జరిగిపోయి ఉంటుంది, ఇంకా తిరగాలి. 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే విమానం స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్క ఇక మోయలేక వదిలేసే వేగం, 41 శాతం పెరుగుతుంది. అంటే మామూలుగా నిలబడే వేగంలోనే రెక్క పట్టు తప్పుతుంది. మళ్లీ సర్దుకోవడానికి కింద ఎత్తు మిగలదు.

అందుకే మంచి శిక్షకులు రన్‌వే చివర ఆపి, పైలట్ చేత పైకి అనిపిస్తారు: "రన్‌వే మీద ఇంజన్ ఆగితే థ్రాటిల్ మూసి బ్రేకు. గాల్లో ఆగితే ముక్కు దించి, ఎదురుగా ఉన్న ఖాళీ చోటే. వెనక్కి తిరగను." ఎన్ని వేల గంటలు ఎగిరినవాళ్లయినా సరే, అనాల్సిందే. ఆ మాట వింటే నాకు సగం ధైర్యం.

ఇంకొక పని, రెక్క కింద చిన్న గాజు గ్లాసులోకి కాస్త ఇంధనం వంపి వెలుతురులో చూడటం. ఇలాంటి విమానాల్లో వాడే పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. నీళ్లు చేరి ఉంటే అడుగున రంగులేని బుడగలా కూర్చుంటాయి. ఆ బుడగ చాలు, ఎక్కుతుండగా ఇంజన్ ఆగడానికి.

బరువు మాటా చెప్పాలి. జక్కూరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అలాంటి చోట, వేసవి ఎండలో గాలి పలచబడితే ఇంజన్ బలమూ తగ్గుతుంది, రెక్క మోసే శక్తీ తగ్గుతుంది. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు, పైన సామానూ ఎక్కేస్తే సరిపోదు.

ప్రచారాలకి చిన్న విమానాలు అద్దెకి తీసుకునే పార్టీలవాళ్లు ఇక్కడుంటే ఒక విన్నపం. పైలట్ బరువు అడిగితే తగ్గించి చెప్పకండి, సంచులు కూడా తూకం వేయించండి. ఒకరిని దించమంటే దించండి. ఎండ తగ్గాక బయల్దేరదామంటే సభ వేళే మార్చుకోండి.