మినిట్స్ చదివేదాకా కదలొద్దు

అందరికీ నమస్కారం. ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికి మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. కూలి డబ్బుల సంగతి అందరికీ తెలుసు. నాకు మాత్రం దాంతోపాటు వచ్చిన సామాజిక తనిఖీ ఇంకా గొప్పగా కనిపిస్తుంది. ఊరందరి ముందు మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేర్లు పైకి చదువుతారు, ఫలానా ఆమె ఆరు రోజులు పనికొచ్చింది, ఇంత కూలి తీసుకుంది అని. "ఆ వారం నేను ఊర్లోనే లేను సార్" అని ఆమె లేచి చెప్పిందంటే ఆ లెక్క అక్కడే ఆగిపోవాలి. ఓటేసిన రోజు కూడా ఆమె మాటకు అంత బలం ఉండదు.

గనులు, ఫ్యాక్టరీలు వచ్చేటప్పుడు కూడా చట్టం మనకు ఇలాంటి చోటొకటి ఇచ్చింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద ప్రాజెక్టులకు ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. తీరా సభకు పోతే చుట్టూ పోలీసులు, ముందు వరసల్లో ఉద్యోగాలొస్తాయని ఆశ పెట్టి తెచ్చిన జనం. రైతుకు మైకు అందేసరికి మధ్యాహ్నమవుతుంది. కడుపు మండి చాలామంది లేచొచ్చేస్తారు. దయచేసి అలా మధ్యలో లేచి రావద్దు. ఈ సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క, లేదు; మనం లేకపోయినా జరిగినట్టే లెక్క. ఎవరేమన్నారో మినిట్స్‌గా రాసుకుని, చివర్లో తెలుగులో చదివి వినిపించాలని కూడా అదే నోటిఫికేషన్ చెబుతోంది. మీ బోరు గురించి మీరన్న మాట అందులో లేకపోతే, రాసేదాకా కూర్చోండి.

అనుమతి వచ్చేశాక ఇంకేం చేస్తామని అడుగుతారు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర కె.కె. కొట్టాల రైతులనే చూడండి. వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. గని సంస్థ ఒప్పుకోదు. అలాంటి చోట నోటిమాట నిలవదు, కాగితం కావాలి. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ రిపోర్టు ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, దరఖాస్తు పెడితే ఎవరికైనా కాపీ ఇవ్వాల్సిందే. ఊరికి ఇద్దరు చదువుకున్న పిల్లలు ఆ బాధ్యత తీసుకోండి. రిపోర్టులో నీళ్ల గురించి ఏం రాశారో, మీ బోరు నీళ్ల పరీక్షలో ఏం తేలిందో పక్కపక్కన పెట్టి, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు పట్టుకుపోండి. రసీదు తీసుకోకుండా రావద్దు.