వైజాగ్‌కి మా వాడే రాజు!

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు? డాలస్‌లో స్కూళ్ళకి సెలవులు కదా, మేం వైజాగ్‌లో మా అమ్మావాళ్ళింట్లో ఉన్నాం. ఈసారి వీడియోలో నేను తిప్పి చూపించేది తక్కువ, మా ఆరేళ్ళవాడు పరిపాలించేది ఎక్కువ.

వాన పట్టి బయటికెళ్ళే వీల్లేని రోజు అమ్మ కాగితాలు చింపి రాజు, రాణి, మంత్రి, పోలీస్, దొంగ చీటీలు రాసింది. మావాడికి మొదటి ఆటలోనే రాజు చీటీ పడింది. అంతే, దాన్ని తిరిగివ్వలేదు. మడిచి నిక్కరు జేబులో పెట్టుకున్నాడు. తాతయ్య మంత్రి, అమ్మమ్మ సేనాపతి. నాకింకా ఉద్యోగం రాలేదు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కగానే అది తనదేనని ప్రకటించేశాడు. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది, 2002 నుంచి ఇలా ఒడ్డున మ్యూజియంగా ఉంది. సైనికులు పడుకునే ఇరుకు బెర్తులు చూసి, "నా రాజ్యంలో వీళ్ళకి పెద్ద మంచాలు" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది.

సింహాచలంలో తాతయ్య రాయలవారి సంగతి చెప్పారు. కళింగ దండయాత్రకి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ కొండెక్కి అప్పన్నస్వామికి ఆభరణాలు సమర్పించారని శాసనం ఉంది. "రాజు కూడా దణ్ణం పెడతాడా?" అని అడిగాడు. పెడతాడని చెప్పాక కాసేపు ఆలోచించి, చెప్పులు విప్పిన దగ్గర్నుంచి గర్భగుడి దాకా ఒక్క అల్లరి చెయ్యలేదు.

ఇప్పుడు పెదజాలరిపేట షాట్స్ చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. రాత్రుళ్ళు అమ్మమ్మ వీడికి ఏడు చేపల కథ చెబుతోంది. ఒక చేప ఎండకపోతే రాజుగారి కొడుకు ఊరుకోడు కదండీ, చేపని అడుగుతాడు, గడ్డిమోపుని అడుగుతాడు, ఆవుని, చివరికి చీమ దాకా వెళ్తాడు. ఇక్కడ ఒడ్డున వల పరిచి, దానిమీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. మావాడు వంగి ఒకదాన్ని వేలితో నొక్కాడు. మెత్తగా ఉంది. పక్కన కూర్చున్నావిడతో, "ఇది ఎందుకు ఎండలేదు?" అన్నాడు. ఆవిడ, "రేత్రి వోన పడింది కదా బావూ, ఎలా ఎండుద్ది?" అంది. వాడు ఆగలేదు. వాన పడితే మీరేం తింటారు, ఎండకపోతే ఎవరు కొంటారు, పడవ ఎవరిది. ఆవిడ ఒక్కోటీ ఓపిగ్గా చెప్పింది. వేసవిలో పడవలు కదలవని కూడా చెప్పింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. అది విని వాడి కళ్ళు పెద్దవయ్యాయి. చేపల కోసం కూడా ఆజ్ఞలుంటాయని వాడికి ఇదివరకు తెలియదు! "మరి అప్పుడు ఆంటీకి డబ్బులు ఎవరిస్తారు? నేనిస్తా" అన్నాడు.

పిల్లలు ఇలా రాజునవుతా, రాణినవుతా అంటే నవ్వేసి వదిలెయ్యకండి. ఆజ్ఞలు శ్రద్ధగా వినండి. ఎవరి కష్టం వాళ్ళ కళ్ళబడిందో, వాళ్ళకి ఏది లోటుగా ఉందో అన్నీ అందులోనే ఉంటాయి. మామూలుగా అడిగితే చెప్పరు.

నిజంగా రాజు ఎలా అవుతారని తాతయ్యని అడిగాడు. ఇక్కడ కార్పొరేటర్‌కి 21 ఏళ్ళు, ఎమ్మెల్యేకి 25 నిండాలి, పైగా భారత పౌరసత్వం ఉండాలి. వీడు పుట్టింది అమెరికాలో, విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఓటు కూడా ఉండదు. అక్కడ ప్రెసిడెంట్ కావాలంటే 35 ఏళ్ళు. అంతా విని, "రాజుకి కార్డు అక్కర్లేదుగా" అని జేబులో చీటీ తడుముకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అసలు ఆజ్ఞ వచ్చింది. రాజ్యమంతా ఒకే టైం ఉండాలట. అమ్మమ్మకి పగలైతే తనకీ పగలే. వీడియో కాల్‌లో అమ్మమ్మ కథ మొదలుపెట్టేసరికి తనకి నిద్రొచ్చేస్తోందని అప్పుడు చెప్పాడు. చేప ఎండకపోవడం వరకే వినేవాడట, చీమ దాకా ఎప్పుడూ వెళ్ళలేదట. ఇంతకాలం మాకెవరికీ ఈ సంగతి తెలియదు. అమ్మ పెరుగన్నం కలపడం ఆపేసింది.

తాతయ్య లెక్క వేశారు. ఈ సీజన్‌లో డాలస్‌లో పొద్దున్న ఏడున్నర అంటే వైజాగ్‌లో సాయంత్రం ఆరు. ఇద్దరికీ వెలుతురే. వెళ్ళాక శని, ఆదివారాలు కాల్ ఆ టైంకే. మంత్రిగారు క్యాలెండర్ మీద రాసేశారు, రాజుగారు కింద సంతకం కూడా పెట్టారు.