బడి దగ్గర ఎర్రజెండా పట్టుకుని

అందరికీ నమస్కారమండి. మేస్టార్లకి, అమ్మలకి, వెనకాల గోడకి ఆనుకుని నించున్న ఆటో తమ్ముళ్ళకి, ముందు వరసలో కూర్చుని నా వైపే చెయ్యి ఊపుతున్న గుంటలకి కూడా. చూశాను నాన్నా, అందర్నీ చూశాను.

జనవరి అంటే రోడ్డు భద్రత నెల కదా, రూల్సు పోలీసు వాళ్ళు చెప్తారు, మీరు మీ కష్టాలు చెప్పండి డ్రైవర్ గారూ అన్నారు హెడ్మేస్టారు. సరే అని రాత్రి కూర్చుని ఆలోచించాను, ఎండ, దుమ్ము, మోకాలు నొప్పి, అక్కడితో అయిపోయాయండి, ఇంకేటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినవన్నీ సంతోషాలే, అవే చెప్తాను. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాను. గిడుగు రామ్మూర్తి పంతులు గారు 1880లో మేస్టారుగా చేరిన ఊరండీ మన పర్లాకిమిడి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన జీవితమంతా కొట్లాడారు, పక్క కొండల్లో వాళ్ళ సవర భాష కూడా నేర్చుకున్నారు. అలాంటి ఊళ్ళో నిలబడి నేను గ్రాంథికం మాట్లాడ్డం బాగోదు.

నేను 27 ఏళ్ళు లారీ నడిపాను. బరంపురం, వైజాగు, రాయపూర్, ఒక్కోసారి కలకత్తా దాకా. మోకాలు పాడయ్యాక బండి ఒగ్గేశాను. మనవరాల్ని ఒకటో క్లాసులో వేశాక మొదటిరోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను, వచ్చి చూస్తే రోడ్డుకి ఇటేపు ముప్పై నలభై మంది గుంటలు, అటేపు బడి గేటు, మధ్యలో బండ్లు వస్తనే ఉన్నాయి, ఒక్కటీ ఆగట్లేదు, గుంటలు ఒక అడుగు ముందుకేస్తారు మళ్ళీ రెండడుగులు వెనక్కేస్తారు. నాకు తెలీకుండానే చెయ్యి చాపి రోడ్డు మధ్యకి నడిచేశాను. ఒక వేన్ ఆగింది, దాని వెనక ఇంకోటి ఆగింది. గుంటలందరూ నా వెనక నుంచి గబగబా దాటేశారు. మర్నాడు కూడా అదే పని, ఆ మర్నాడూ అదే. వారం తిరక్కుండా ఒక మేస్టారు టైలర్ దగ్గర ఎర్రగుడ్డ కుట్టించి కర్రకి కట్టి ఇచ్చారు, తర్వాత మెరిసే చొక్కా కూడా వచ్చింది. ఇప్పటికి నాలుగేళ్ళు.

దీనికి బయట దేశాల్లో ఉద్యోగమే ఉందని నా మనవరాలు ఫోన్‌లో చూపించింది. ఇంగ్లండ్‌లో అయితే 1953లోనే చట్టం చేశారు, బడి దగ్గర పిల్లల్ని దాటించే మనిషి బోర్డు ఎత్తితే బండి ఆగి తీరాలి. ఆ బోర్డు పొడుగు కర్ర మీద గుండ్రంగా పుల్లకి గుచ్చిన చాక్లెట్‌లా ఉంటుంది, అందుకని అక్కడి పిల్లలు లాలీపాప్ లేడీ, లాలీపాప్ మేన్ అంటారట. జపాన్‌లో టోక్యో నగరంలో 1959 నుంచి ఆడవాళ్ళు ఈ పని చేశారు, ఆకుపచ్చ రంగు బట్టలేసుకుని నించునేవారు, వాళ్ళ భాషలో మిదోరి నో ఒబసాన్, అంటే ఆకుపచ్చ పిన్ని అన్నమాట. నన్ను మన గుంటలు జెండా తాత అంటారు. ఒడియా పిల్లలు అజా అంటారు. ఏ పేరైనా నాకు బాగుంది. ఆ జపాన్ పిల్లలు రోడ్డు దాటేటప్పుడు ఒక చెయ్యి పైకెత్తుకుని నడుస్తారు, పొట్టివాళ్ళు కదా, చెయ్యి ఎత్తితే డ్రైవర్‌కి కనపడతారు. అది చూసి మన వాళ్ళకీ నేర్పాను. ఇప్పుడు పొద్దున్న చూడండి, క్లాసులో ప్రెజెంట్ చెప్పినట్టు అందరూ చేతులెత్తి దాటుతారు, ఆ చేతులన్నీ ఒకేసారి లేచినప్పుడు నాకు కడుపు నిండిపోతుంది.

మొట్టమొదటి సంతోషం ఏటంటే నడకలు. లారీలో ఉన్నప్పుడు మనిషి నడక నేను ఎప్పుడూ చూళ్ళేదు, అద్దంలోంచి ఒక తల, ఒక గొడుగు, అంతే, దాటిపోయేవి. ఇప్పుడు మొహం చూడకుండా చెప్పగలను ఎవరొస్తున్నారో. ఒక గుంట ఉంది, తెల్లగీతల మీదే కాలు పెడుతుంది, నల్లరోడ్డు మీద పెట్టదు, జీబ్రా పెయింటు అరిగిపోయి రెండు గీతలు కనపడకుండా పోతే అక్కడ గెంతుతుంది. ఇద్దరన్నదమ్ములు ఉన్నారు, పెద్దాడు తమ్ముడి చెయ్యి కాదు, బ్యాగు పట్టుకుని నడిపిస్తాడు ఎడ్లకి పగ్గం పట్టినట్టు, పొద్దున్న దెబ్బలాడుకున్న రోజు కూడా ఆ బ్యాగు ఒగ్గడు. హాస్టల్ నుంచి వచ్చే సవర పిల్లలు ఒకరి వెనక ఒకరు లైనుగా వస్తారు, కొండదారిలో నడిచే అలవాటు అనుకుంటాను, వాళ్ళకి లైన్లో నించోండి అని చెప్పాల్సిన పనే లేదు. కొత్తగా చేరినోళ్ళు నా వేలు పట్టుకుంటారు, రెండు నెలలకి వేలు ఒగ్గేసి చొక్కా అంచు పట్టుకుంటారు, దసరా సెలవలయ్యాక అదీ ఒగ్గేసి పక్కన నడుస్తారు. వేలు ఒగ్గేసిన రోజు మనసు కొంచెం ఏదోలా ఉంటుంది, కానీ మంచిదే కదా.

ఇంక భాషలు. మన బోర్డర్ ఊళ్ళో ఇది చెప్పక్కర్లేదు, నదికి ఇటు ఒక భాష అటు ఒక భాష అని కాదు కదా, ఒకే ఇంట్లో అమ్మ తెలుగు, బాబు ఒడియా ఉంటారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మన ఊరు ఒడిశాలోకెళ్ళింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా వైపు ఉండిపోయింది, చుట్టరికాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. నేను "ఆగండి ఆగండి" అని మొదలెట్టి "టికే రుహ, టికే రుహ" అని ముగిస్తాను, రెండూ ఒకే ఊపిరిలో. తెలుగు గుంటడు ఒడియాలో లెక్కపెడుతూ దాటుతాడు, ఒడియా పిల్ల నాకు తెలుగులో పొడుపుకథ వేస్తుంది, జవాబు సాయంత్రం చెప్పాలి. సంక్రాంతి అవగానే డబ్బాల్లో అరిసెలు, జంతికలు, ఒడియా వాళ్ళ ప్రథమాష్టమి పండక్కి పసుపాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ఎండూరి పిఠా, ఇప్పుడైతే జేబుల్నిండా రేగుపళ్ళు. చెయ్యి చాపమని గుప్పెట్లోంచి నాలుగు పళ్ళు పోస్తారు, అవి చెమటకి తడిసి వెచ్చగా ఉంటాయి. అమ్మలు ఇక్కడే ఉన్నారు, మీ పిల్లలు మీరు ఇచ్చినవి పారేయట్లేదు, నాకు పెడుతున్నారు.

ఇప్పుడు లారీ సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

గంటకి 40 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి ఒక సెకన్లో 11 మీటర్లు పోతుంది. డ్రైవర్ కంటికి గుంట కనపడి, కాలు బ్రేకు మీద పడడానికే ఒక సెకను పడుతుంది, అంటే బ్రేకు ఇంకా మొదలవకుండానే 11 మీటర్లు అయిపోయింది, లోడు లారీ ఆ తర్వాత కదా ఆగడం మొదలెట్టేది. 60లో వస్తే ఆ సెకన్లో దగ్గరదగ్గర 17 మీటర్లు. ఇది నాకు 27 ఏళ్ళు కాలికి తెలుసు, పిల్లలకి ఎలా తెలుస్తుంది? దూరంగా ఉన్న బండి ఎంత స్పీడులో వస్తుందో చిన్నపిల్లలు అంచనా కట్టలేరు. చెప్తే బుర్రకెక్కదు. అందుకని పోయినేడు ఒక ఆదివారం నా పాత స్నేహితుడి లారీ బడి గ్రౌండులోకి తెప్పించాను, మేస్టార్లు ఒప్పుకున్నారు, వాళ్ళకి దండం పెట్టాలి. ఇంజిన్ ఆపేసి, చక్రాలకి అడ్డుకట్టెలు పెట్టి, ఒక్కొక్కర్నీ ఎత్తి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. మిగతా పదిమందినీ బంపర్‌కి ఆనుకుని ముందు నించోమన్నాను. పైనున్న గుంటని అడిగాను, ఎంతమంది కనపడుతున్నారమ్మా? ఆ పిల్ల స్టీరింగ్ పట్టుకుని మెడ చాపి చాపి చూసింది. "తాతా, ఎవరూ లేరు" అంది. కింద పదిమందీ "ఇక్కడే ఉన్నాం ఇక్కడే ఉన్నాం" అని ఒకటే అరుపులు. గ్రౌండంతా నవ్వు. తర్వాత ఒక్కొక్క అడుగూ వెనక్కి నడవమన్నాను, మొదట ఒక రిబ్బను కనపడింది, తర్వాత రెండు జడలు, తర్వాత మొహాలు. ఆ రోజు నుంచి ఒక్క గుంట కూడా ఆగి ఉన్న లారీకి ఆనుకుని దాటట్లేదు. డ్రైవర్ మొహం నాకు కనపడితేనే నేను అతనికి కనపడతాను అని వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటన్నారు.

ఇది నేను ఎందుకు ఇంత పట్టుగా చేశానో కూడా చెప్పేస్తాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. లారీ రోజుల్లో ఒక సాయంత్రం ఏదో పల్లె దాటుతున్నాను, ఆగి ఉన్న బస్సు వెనక నుంచి ఒక పిల్లాడు పరిగెత్తుకొచ్చేశాడు. బ్రేకు మీద నిలబడిపోయాను. బండి ఆగింది. నేను కిందకి దిగేసరికి రోడ్డు మీద ఎవ్వరూ లేరు, పిల్లాడు అటేపు చేలల్లోకి వెళ్ళిపోయాడు, కనీసం వెనక్కి తిరిగి చూళ్ళేదు. అరగంట అక్కడే కూర్చున్నాను, చేతులు ఆడలేదు. వాడి మొహం నాకు తెలీదు. ఎన్నేళ్ళో ఆ తెలీని మొహం నాతోపాటే తిరిగింది. ఇప్పుడు రోజుకి రెండువందల మొహాలు నాకు తెలుసు, ఎవరికి ముందుపన్ను ఊడిందో, ఎవరికి కొత్త కళ్ళజోడు వచ్చిందో, ఎవరింట్లో చెల్లి పుట్టిందో అన్నీ తెలుసు. నాకు ఇది ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను.

భయం వేసిన రోజు ఒకటుంది. లారీ ఆగింది, గుంటలు సగం దాటారు, ఆగిన లారీ పక్క నుంచి ఒక మోటార్‌సైకిల్ దూసుకొచ్చేసింది. జెండా కర్ర అడ్డం పెట్టాను, విరిగింది, ఎవరికీ తగల్లేదు దేవుడి దయ, ఒక పిల్ల టిఫిన్ డబ్బా పడి అన్నమంతా రోడ్డు పాలయ్యింది, ఆ పిల్ల భయానికంటే అన్నానికే ఎక్కువ ఏడ్చింది. మధ్యాహ్నం ఆరుగురు తలో ముద్ద పెట్టారట. అప్పట్నుంచి పెద్దబండి ఆగాక నేను దాని పక్క సందులోకి తొంగి చూసి, ఆ సందు మూసుకుని నించుంటాను, అప్పుడే పిల్లల్ని రమ్మంటాను. ఆ మోటార్‌సైకిల్ నడిపినోడు మీసం కూడా రాని కుర్రాడు. పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనర్‌కి బండి ఇస్తే ఇచ్చిన పెద్దవాళ్ళకి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు. నాలుగేళ్ళు దాటిన గుంటకి కూడా వెనక సీట్లో హెల్మెట్ ఉండాలి. ఇంక దీని గురించి చెప్పను, పోలీసు వాళ్ళు చెప్తారు.

డ్రైవర్లు చెడ్డోళ్ళని మాత్రం అనకండి. రోజూ తిరిగే లారీలు, బస్సులు అన్నీ నాకు తెలుసు, ముందు హారన్ కొట్టి పలకరించేవారు, పిల్లలు ఉలిక్కిపడుతున్నారు బాబూ అంటే ఇప్పుడు హెడ్‌లైట్ ఒకసారి వేసి ఆపుతున్నారు. రాయపూర్ వైపు బండి ఒకటి, కొత్త కుర్రాడు, జెండా చూసి దూరంగానే ఆపి, గుంటలందరూ దాటేదాకా స్టీరింగ్ మీద గెడ్డం పెట్టుకుని చూస్తా కూర్చున్నాడు. బండి కదిలేటప్పుడు "మా ఇంట్లో కూడా ఇంతే ఉంది చాచా" అని చెయ్యి నా నడుం ఎత్తుకి పెట్టి చూపించి వెళ్ళాడు. అతను ఇంటికి ఎన్నాళ్ళకి వెళ్తాడో నాకు తెలుసు కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఎండాకాలం మార్నింగ్ స్కూలు. ఆరు గంటలకే నించోవాలి, మహేంద్రతనయ నది వైపు నుంచి చల్లగాలి వస్తుంది, గుంటలు సగం నిద్రలో ఉంటారు, ఒక్క మాట ఉండదు, చెప్పుల చప్పుడు తప్ప. 2018లో తిత్లీ తుఫాను మన జిల్లాలో ఎన్ని చెట్లు పడగొట్టిందో అందరికీ తెలుసు, మా బడి ముందు నీడ కూడా అప్పుడే పోయింది, అందుకే ఆ పొద్దుటి చల్లదనం ఇంకా బాగుంటుంది. చిన్నప్పటి మన నౌపడా చిన్న రైలు గుర్తొస్తుంది నాకు, 2004లో పెద్దలైను కోసం ఆపేసే దాకా తిరిగింది కదా, కుర్రాళ్ళు నడుస్తున్న రైలు దిగి, చింతకాయ కోసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు అనేవారు మా నాన్న. అలా చెయ్యమని చెప్పట్లేదు గుంటలూ, వినండి. బండి కూడా మనిషి నడకకి సరిపడా వెళ్ళిన రోజులు ఉండేవి అంటన్నాను. ఆ తెల్లవారుజామున, రోజుకి కొన్ని నిమిషాలు, మన రోడ్డు మళ్ళీ అలాగే ఉంటుంది.

అందరూ లోపలికెళ్ళి గంట కొట్టేశాక రోడ్డు మీద పడినవి ఏరుతాను. రిబ్బన్లు, రబ్బర్లు, పెన్సిల్ ముక్కలు, గోళీలు, ఒకసారి ఊడిన పన్ను కాగితంలో చుట్టి ఉంది, సాయంత్రం దాని యజమాని వెతుక్కుంటా వచ్చాడు, ఇంటి మీద పారెయ్యాలట. అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెడతాను, ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తాను. ఇప్పుడు అందులో ఎర్రపూసల గాజు ఒకటి మిగిలిపోయింది, ఎవరిదో చెయ్యెత్తండి... ఆ, నీదేనా తల్లీ, సాయంత్రం ఇస్తాను.

చివరగా ఒక్కటి అడుగుతాను. ఇటేపు నేను ఉన్నాను, అటేపు గేటు దగ్గర ఎవరూ లేరు, సాయంత్రం పిల్లలు ఒకేసారి బయటికొచ్చేస్తారు, అక్కడ ఇంకో మనిషి కావాలి. రిటైర్ అయినవాళ్ళు ఉంటే, లేదా ఇంటి పని అయ్యాక ఒక అరగంట దొరికే అమ్మలు ఉంటే, రోజూ అక్కర్లేదు, వారానికి రెండు రోజులు చాలు. ముందు ఊరికే వచ్చి నా పక్కన నించుని చూడండి. రెండో జెండా కుట్టించి ఉంచాను, చొక్కా కూడా ఇంకోటి ఉంది, కొంచెం పెద్ద సైజు. పొద్దున్న తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగుకి పది నిమిషాల ముందు.